ఇంట్లో ఒకరికి ఏదో కనిపిస్తోందంటే: పద్నాలుగు రోజుల నోట్‌బుక్

రాత్రి రెండు గంటలకి ఇంట్లో మనిషి లేచి కూర్చుని పెరట్లోంచి ఎవరో పిలుస్తున్నారంటే, తెల్లారేసరికి వీధిలో రెండు మాటలు తయారైపోతాయి. గాలి సోకిందని కొందరు, మతి తప్పిందని కొందరు. సోంపేట పక్కన కొబ్బరితోటల్లో ఇల్లయినా, గజపతినగరంలో మేడ మీద అద్దె గదయినా ఇంతే. ఈ రెండిట్లో ఒకదాన్ని ఆ పూటే ఒప్పేసుకోవాలన్న తొందరే ఎక్కువ నష్టం చేస్తుంది. గాలి అనుకున్నవాళ్లు నెలల తరబడి తాయెత్తుల చుట్టూ తిరుగుతారు. మతి తప్పిందనుకున్నవాళ్లు, రెండు రాత్రులు నిద్ర లేక వచ్చినదానికి మనిషి మీద జన్మంతా పోని ముద్ర వేసేస్తారు.

లేనిది కనబడటం, వినబడటం అంత అరుదేమీ కాదు. 1894లో లండన్‌లోని సైకికల్ రీసెర్చ్ సొసైటీ పదిహేడు వేలమంది జవాబులు పోగేస్తే, పూర్తి మెలకువలో ఉండగా ఇలాంటిది ఒక్కసారైనా జరిగిందని సుమారు పదిమందిలో ఒకరు చెప్పారు. ఊళ్లో ప్రతి పదోవాడికీ జరిగేదాన్ని జబ్బు అనలేం. అలాగని ప్రతిదీ మామూలే అనీ వదిలేయలేం.

మామూలుకీ జబ్బుకీ మధ్య గీత ఉన్నది కనబడినదాని దగ్గర కాదు. ఆ తర్వాత మనిషి నిద్ర, తిండి, పని, మాట ఎటు పోతున్నాయో, ఎదురు రుజువు చూపిస్తే నమ్మకం అణా అయినా కదులుతోందో లేదో, అక్కడ ఉంది. ఇది కంటి అంచనాకి అందదు. రాసుకోవాలి. వంద పేజీల నోట్‌బుక్కు, పెన్ను, టార్చి, గోడ గడియారం చాలు.

నోట్‌బుక్కు తెరవకుండానే బయల్దేరాల్సినవి

కొన్నిటికి పద్నాలుగు రోజులు కాదు, పద్నాలుగు గంటలు కూడా ఆగకూడదు.

నిన్నటిదాకా బాగున్న ముసలమ్మ ఈ సాయంత్రం నుంచి ఎప్పుడో పోయిన తమ్ముడితో మాట్లాడుతోంది. ఇది ఏ నెలో చెప్పలేకపోతోంది. పొద్దున కాస్త నయం, చీకటి పడితే ఎక్కువ. ఇది గాలి కాదు, మానసిక రోగం కూడా కాదు. ఒంట్లో జబ్బు మెదడు దాకా పాకింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, నిమోనియా, షుగరు బాగా పడిపోవడం లేదా పెరగడం దీనికి మామూలుగా కనబడే కారణాలు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో, ఇంకొకటి ముందే గుర్తుండాలి. క్రియాటినిన్ పెరిగిన మనిషి, డయాలసిస్ ఒకటి రెండుసార్లు మానేసిన మనిషి పగలంతా మగతగా పడుకుని రాత్రి ఏవేవో కనబడుతున్నాయంటే, రక్తంలో మలినాలు పేరుకున్నాయని అనుమానించాలి. ఆ రాత్రే వెళ్లాలి.

ఇంట్లోనే చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టమనండి. అంకెలు రానివాళ్లయితే వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి. మధ్యలో దారి తప్పి, మీరేం అడిగారో కూడా మరిచిపోతే ఒంటి జబ్బునే ముందు వెతకాలి. మానసిక రోగంలో గొంతులు వినే మనిషి సాధారణంగా ఊరు, రోజు, ఎదుటివాళ్ల పేర్లు సరిగ్గానే చెబుతాడు.

ఏళ్ల తరబడి తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు చేతులు వణికి, చెమటలు పట్టి, గోడల మీద పురుగులు పాకుతున్నాయని, మంచం కింద ఎలకలున్నాయని కేకలు పెట్టొచ్చు. మాలధారణ కోసమో, మొక్కు కోసమో ఒక్కసారిగా ఆపేసిన ఇళ్లలో దీన్ని దేవుడి మహిమనీ దేవుడి ఆగ్రహమనీ అనుకుంటారు. వదిలేస్తే ప్రాణం పోతుంది. 108కి ఫోన్ చేయండి.

నాటు మందు తాగిన గంటలోపు నోరు ఎండిపోయి, ఒళ్లు కాలిపోయి, కంటిపాప పెద్దదైపోయి, గాల్లో లేని దారాలు పీకుతున్నట్టు చేతులు ఆడిస్తుంటే అది ఉమ్మెత్త. గాలి వదలడానికని ఇచ్చిన మందే గాలి పట్టించినట్టు చేస్తుంది. ఇంట్లోవాళ్లేమో మందు పని చేస్తోంది, లోపలున్నది బయటపడుతోంది అనుకుంటారు. మిగిలిన మందుని సీసాతో సహా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.

బాలింత సంగతి ప్రత్యేకం. కాన్పయిన మొదటి రెండు వారాల్లో రెండు మూడు రాత్రులు కన్ను మూయకుండా, అతిగా మాట్లాడుతూ, ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అంటే, అది వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండిట్లో వచ్చే తీవ్రమైన మానసిక స్థితి. వైద్యంతో బాగా నయమవుతుంది. అంతవరకూ తల్లినీ బిడ్డనీ ఒంటరిగా ఉంచకూడదు. మైలనీ పురుడనీ చివర గదిలో ఒక్కదాన్నే పడుకోబెట్టే ఇళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

వయసులో ఉన్న పిల్లకి వారం పదిరోజుల్లోనే మాట మారి, మూతి వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి, తర్వాత బిగుసుకుపోతే అది మెదడువాపులో ఒక రకం కావచ్చు. ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేసే ఈ జబ్బుని 2007లో వైద్యులు విడిగా గుర్తించి పేరు పెట్టారు. దయ్యం పట్టిందని చెప్పే లక్షణాలన్నీ దీనికి ఉంటాయి. నరాల డాక్టరుకి చూపించాల్సిన కేసు ఇది.

ఆఖరుది, వినబడే గొంతు ఏదైనా చేయమని చెబుతుంటే. బావిలో దూకమనో, ఫలానావాణ్ని కొట్టమనో అంటోందని చెబితే, అది ఎవరి గొంతైనా సరే, కులదైవం గొంతైనా సరే, ఆ రోజే డాక్టరు. కత్తిపీట, పురుగుమందు, తాళ్లు కంటికి అందకుండా తీసేయండి.

ఇల్లు, రాత్రి, చప్పుళ్లు

పైవేవీ లేకపోతే తొందర లేదు. మూడు రాత్రులు ఇంటికి ఇవ్వండి.

పెంకుటింటి మీద అర్ధరాత్రి మనిషి నడిచినట్టు అడుగులు వినబడితే ముందు మానుపిల్లిని అనుమానించండి. తాటి, కొబ్బరి చెట్ల నుంచి కప్పు మీదకి దిగుతుంది. బరువుగా, ఆగి ఆగి నడుస్తుంది. పొద్దున్నే పెంకుల మీద, చూరు కింద గింజలతో ఉన్న రెట్ట వెతకండి. గుడి గోపురంలో, పాడుబడ్డ ఇంట్లో ఉండే తెల్ల గుడ్లగూబ అరుపు ఆడమనిషి కీచుగా అరిచినట్టే ఉంటుంది. బుసకొట్టినట్టూ వినిపిస్తుంది. ఇది తేల్చడానికి ఫోన్లో రికార్డింగ్ పెట్టి కిటికీ దగ్గర వదిలేయండి. మర్నాడు పగటిపూట, ఇద్దరు ముగ్గురు కలిసి వినండి. రాత్రి విననివ్వకండి. చీకట్లో ఒక్కరే వింటే ఫ్యాను చప్పుడులో కూడా పేర్లు వినబడతాయి. అర్థంలేని చప్పుడుని మెదడు మాటగా కట్టేస్తుంది.

మంచు కాలంలో కిటికీలు మూసి నిప్పుల కుంపటి గదిలో పెట్టుకునే అలవాటుంటే అది వెంటనే ఆపాలి. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, భయం, అడుగుల చప్పుళ్లు, మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు తోచడం, ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలవుతాయి. 1921లో ఒక అమెరికా కంటి డాక్టరు, దయ్యాల ఇల్లనుకున్న ఇంట్లో కుటుంబమంతటికీ కలిగిన ఇలాంటి అనుభవాలకి ఇంటిని వెచ్చబెట్టే కొలిమి చెడిపోవడమే కారణమని వైద్య పత్రికలో రాశాడు. గుర్తు ఏమిటంటే ఇల్లు వదిలి బయట రెండు గంటలుంటే తల తేలికపడుతుంది, లోపలికొస్తే మళ్లీ మొదలు. జనరేటరు వరండాలో నడిపే ఇళ్లలోనూ ఇదే ప్రమాదం.

మోటారు, ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి కూడా చూడండి. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు ఇంగ్లండులో తన ప్రయోగశాలలో కంటి చివర కనబడ్డ బూడిదరంగు ఆకారానికి, ఒళ్లు జలదరింపుకి కొత్తగా పెట్టిన ఫ్యాను కారణమని రాశాడు. చెవికి అందని, సెకనుకి దాదాపు 19 కంపనాల శబ్దం అది. తర్వాతి ప్రయోగాల్లో ఈ ఫలితం అంత గట్టిగా నిలబడలేదు. అయినా ఖర్చులేని పరీక్ష కాబట్టి మూడు రాత్రులు ఆ ఫ్యాను ఆపి చూడండి.

గుండెల మీద కూర్చునేది

మెలకువ వచ్చింది, కళ్లు తెరుచుకున్నాయి, ఒళ్లు కదలదు, గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు, గది మూలన నల్లటి ఆకారం. దీన్ని పట్టుకుని ఎంత డబ్బు, ఎంత కాలం వృథా అవుతున్నాయో చెప్పలేం. కలలొచ్చే నిద్రలో మెదడు ఒంటి కండరాలని దాదాపు అన్నిటినీ సడలించి, కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడు మంచం మీద నిజంగానే పరిగెడతాం. మెలకువ ముందొచ్చి, ఆ పట్టు ఆలస్యంగా వదిలితే ఆ మధ్యలో ఉన్న కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు, కల కూడా కళ్ల ముందే నడుస్తుంది. వందమందిలో సుమారు ఎనిమిదిమందికి జీవితంలో ఒక్కసారైనా ఇది జరుగుతుంది.

పైడిభీమవరం వైపు ఫార్మా ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారేవాళ్లకి, పరీక్షలకి రాత్రిళ్లు చదివే పిల్లలకి ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. చేయాల్సింది ఇది. రోజూ ఒకే వేళకి పడుకోవడం, ఏడు గంటలు నిద్ర, పక్కకి తిరిగి పడుకోవడం. బనియన్‌కి వీపు మీద జేబు కుట్టించి అందులో చిన్న బంతి పెట్టుకుంటే నిద్రలో వెల్లకిలా తిరగరు. అది పట్టుకున్నప్పుడు ఒళ్లంతా కదిలించాలని పెనుగులాడితే భయం పెరుగుతుంది. కాలి బొటనవేలు ఒక్కటే కదపడానికి చూడాలి, లేదా కళ్లు అటూ ఇటూ తిప్పాలి. పక్కన పడుకున్నవాళ్లు భుజం తట్టి పేరు పెట్టి పిలిస్తే చాలు. ఇది వారానికి రెండు మూడుసార్లు వస్తూ, పగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతుంటే డాక్టరుకి చెప్పాలి.

నోట్‌బుక్కు రాసే తీరు

రాసేది అనుభవం కలిగినవాళ్లే అయితే మంచిది. వాళ్లు రాయలేకపోతే ఇంట్లో ఒక్కరే రాయాలి, చేతులు మారకూడదు. జరిగిన పావుగంటలోపు రాయాలి. పొద్దున్న రాద్దామనుకుంటే కథ పెరుగుతుంది. ఇరవై సెకన్లు గంటవుతుంది, నీడకి ముఖం వస్తుంది. ఒక పేజీ ఇలా ఉండాలి:

మంగళవారం, రాత్రి 1.40. వరండాలో నవారు మంచం. మెలకువ వచ్చి రెండు నిమిషాలు. ఆడగొంతు, కుడిచెవి వైపు, బావి దగ్గర్నుంచి. "ఒలే, రాయే" అని మూడుసార్లు. 20 సెకన్ల లోపు. చిన్నాన్న పక్కనే మెలకువగా ఉన్నాడు, వినలేదు. ముందు రాత్రి నిద్ర 3 గంటలు. రాత్రి అన్నం తినలేదు. లేచి తలుపు గడియ వేసి పడుకుంది. పొద్దున 8కి అడిగితే: ఎనిమిదణాలు.

ఆఖరి మాటే ఈ పద్ధతికి ప్రాణం. ప్రతి ఘటన గురించీ మర్నాడు పొద్దున ఒకసారి, ఏడో రోజు ఒకసారి అడగండి: అది బయట నిజంగా జరిగిందని పదహారణాల్లో ఎన్నణాలు అనిపిస్తోంది? చిన్నవాళ్లకి అణాలు తెలియకపోతే పదికి ఎంతని అడగండి. అంకె ఎంతుందన్నది ముఖ్యం కాదు, కదులుతోందా లేదా అన్నది ముఖ్యం.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, "గాలి వచ్చింది", "అమ్మోరు పలికింది", "పిచ్చిగా ప్రవర్తించింది" అని తీర్పులు రాస్తారు. అవి పనికిరావు. చెవి, కన్ను, ఒళ్లు ఏం చెప్పాయో అదే రాయాలి. ఏమీ జరగని రోజుని ఖాళీగా వదిలేయడం రెండో తప్పు. ఏమీ లేని రోజున కూడా తేదీ వేసి, నిద్ర గంటలు రాసి, "ఏమీ లేదు" అని రాయండి. పద్నాలుగు రోజుల్లో రెండు రాత్రులు మాత్రమే జరిగిందని కళ్లతో చూసేసరికే సగం ఇళ్లలో భయం తగ్గుతుంది. మూడోది, తాగుడు, గంజాయి, దగ్గుమందు, స్టెరాయిడ్ బిళ్లలు, ఇవేవైనా వాడితే మొహమాటపడి రాయకపోవడం. అవి రాయని నోట్‌బుక్కు డాక్టరుని కూడా తప్పుదారి పట్టిస్తుంది.

రాసినదాన్ని చదవడం

పద్నాలుగో రోజు అన్ని పేజీలూ ఒక్కసారి కూర్చుని చదవండి. ముందు వేళలు చూడండి. అన్నీ నిద్ర పట్టేముందో, మెలకువ వస్తున్నప్పుడో, మూడు నాలుగు గంటల నిద్ర తర్వాతో అయితే నిద్రే దారి. నిద్ర సరిచేసి ఇంకో పద్నాలుగు రోజులు రాయండి.

అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నవి కనబడితే, అంటే రబ్బరు కాలిన వాసన, పొట్టలోంచి ఏదో పైకి ఎగదన్నినట్టుండటం, ఇదంతా ముందే జరిగిపోయిందన్న భావన, అర నిమిషం నుంచి రెండు నిమిషాలు, ఆ సమయంలో పిలిచినా పలకకపోవడం, అది మూర్ఛలో ఒక రకం. చేతులు కాళ్లు కొట్టుకోకపోయినా మూర్ఛే. వీలైతే అప్పుడు ఫోన్లో వీడియో తీయండి. డాక్టరుకి మీ అరగంట వర్ణన కన్నా అర నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది.

శుక్లాలు ముదిరిన పెద్దవాళ్లకి చిన్న చిన్న మనుషులు, రంగురంగుల ముగ్గులు, పూలు కనబడుతుంటే, అవి మాట్లాడకపోతే, "లేవని నాకు తెలుసు గానీ కనబడుతున్నాయి" అని వాళ్లే అంటే, అది చూపు తగ్గిన మెదడు సొంతంగా గీసుకునే బొమ్మ. 1760లో చార్ల్స్ బానే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త తన తాతగారికి ఇలా జరగడం చూసి రాశాడు, దీనికి బానే పేరే పెట్టారు. కంటి డాక్టరుకి చూపించండి. పెద్దాయనకి మతి చలించిందని బంధువులకి చెప్పకండి.

పోయినవాళ్లు కనబడటం గురించి కాస్త నెమ్మదిగా చదవాలి. పెనిమిటి పోయిన ఆడమనిషికి పొద్దున్నే ఆయన చుట్ట వాసన రావడం, గుమ్మంలో దగ్గు వినబడటం జబ్బు కాదు. 1971లో వేల్స్‌లో ఒక డాక్టరు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగంమంది పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు తెలుస్తూ ఉంటుందనో, కనబడ్డారనో, వినబడ్డారనో చెప్పారు. చాలామందికి అది ఓదార్పు. అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఇక్కడ అణాలు అడగాల్సిన పనే లేదు. ఆమె తింటోందా, నలుగురిలో కూర్చుంటోందా, లేక "నేనూ వచ్చేస్తాను" అంటోందా, అది చూడండి. ఆ చివరి మాట అంటే పైన చెప్పిన ఆగకూడని వరసలోకి వస్తుంది.

పూనకం ఇంకో సంగతి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి ముందు అమ్మవారు పూజారి కలలోకి వచ్చి సిరిమాను చెట్టు ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. ఆ చింతచెట్టు తెచ్చి మాను చెక్కుతారు. విజయదశమి తర్వాతి మంగళవారం చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ కలకి ఒక వేళ ఉంది, చోటు ఉంది, ఊరంతా దాని అర్థాన్ని పంచుకుంటుంది, పండగయ్యాక ఎవరి పని వాళ్లది. వైద్యశాస్త్రం కూడా ఊరంతా పంచుకునే నమ్మకాన్ని భ్రమ అనదు. శంబర పోలమాంబ జాతరలో పూనకం వచ్చిన మనిషి నీళ్లు చల్లగానే తేరుకుని, సాయంత్రానికి పిల్లలకి అన్నం పెడితే అక్కడ వైద్యానికి పని లేదు. అదే మనిషికి జాతర లేకుండా, డప్పు లేకుండా, బస్సులోనో బడి వరండాలోనో, తన ఇష్టం లేకుండా వస్తూ, తర్వాత రోజుల తరబడి లేవలేకపోతే అది వేరు. అత్తింట్లో నోరు విప్పే వీలు లేని కోడలికి పూనకంలో మాత్రమే మాట్లాడే హక్కు దొరకడమూ ఉంది. అక్కడ పూనకంలో ఏమంటోందో రాసుకోండి. తరచుగా అదే అసలు ఫిర్యాదు.

ఇక భ్రమ. దాని గుర్తు వింతగా ఉండటం కాదు. ఎదురింటి పెద్దమ్మ రోజూ లాగే పసుపునీళ్లు వాకిట్లో పారబోసింది. ముందు రోజు దాకా పట్టించుకోని పని అది. ఈ రోజు మాత్రం "అది నాకోసమే పోసింది" అని గట్టిగా తోస్తుంది. బస్సు నంబరు, టీవీలో మాట, కాకి అరుపు, అన్నీ తనకే ఏదో చెబుతున్నాయి. ఏది ముఖ్యమో ఏది కాదో గుర్తు వేసేది మెదడులో డోపమైన్ అనే రసాయనం. అది అదుపు తప్పితే ప్రతిదాని మీదా ముఖ్యం అన్న ముద్ర పడిపోతుంది. ఆ మనిషి బుర్ర ఆ ముద్రలకి కారణం వెతుక్కుంటుంది. మన దగ్గర దొరికే కారణం చిల్లంగి, అంటే చేతబడి. నోట్‌బుక్కులో ఇది ఎలా కనబడుతుందంటే, అణాలు ఏడో రోజుకీ పదహారు దగ్గరే ఉంటాయి, తోడున్న చిన్నాన్నకి వినబడలేదని చెబితే నమ్మకం తగ్గడం పోయి "చిన్నాన్న కూడా వాళ్లలో కలిసిపోయాడు" అన్న వాక్యం చేరుతుంది. కథ వారం వారం పెద్దదవుతుంది. స్నానం, పని, మాట తగ్గుతాయి. ఇలా ఉంటే గొంతు చెడ్డదా మంచిదా అని చూడకండి. చెన్నైలో మానసిక రోగంతో గొంతులు వినే ఇరవైమందితో అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు టాన్యా లూర్మన్ బృందం మాట్లాడితే, చాలామందికి వినబడేది సొంత బంధువుల గొంతులే. స్నానం చెయ్యి, వంట చెయ్యి అని చెప్పేవి. చుట్టం గొంతు కాబట్టి జబ్బు కాదు అన్న లెక్క పనికిరాదు.

కథలోకి ఒక పేరు వచ్చిందా? ఫలానా ముసలిది చిల్లంగి చేసింది అని? ఆ మాట గడప దాటకూడదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏజెన్సీ ఊళ్లలో ఆ నెపం మీద ప్రాణాలు పోయాయి. నోట్‌బుక్కులో కూడా పేరు రాయకండి, "పక్కింటి మనిషి" అని రాస్తే చాలు.

ముందే తెలుస్తుంది అనేవాళ్లకి

ఇంట్లో అందరూ బాగుండి, ఒకరికి మాత్రం జరగబోయేది తెలుస్తుందని అంటే, దాన్ని వెక్కిరించక్కర్లేదు, లెక్కపెట్టొచ్చు. అనిపించిన వెంటనే చీటీ మీద ఎవరికి, ఏమిటి, ఏ తేదీలోపు అని రాసి, తేదీ వేసి మూతకి కన్నం పెట్టిన డబ్బాలో వేయాలి. ముప్పై రోజులకి తెరిచి, తగిలినవీ తగలనివీ అన్నీ లెక్కపెట్టాలి. "ఊళ్లో ఎవరికో కీడు" చెల్లదు. మన దేశంలో ఏడాదికి వెయ్యిమందిలో ఆరేడుగురు పోతారు. పదహారు వందలమంది ఉన్న ఊళ్లో నెలకి దాదాపు ఒక చావు ఎలాగూ ఉంటుంది.

మనసులోది చదవగలనంటే, 1930లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ అనే పరిశోధకుడు వాడిన లెక్కనే ఇంట్లో చేయొచ్చు. చేప, దీపం, తాళం, కాకి, కొబ్బరికాయ బొమ్మలతో ఒకేలా ఉండే అయిదు చీటీలు చెంబులో వేయండి. ఒకరు వేరే గదిలో కూర్చుని ఒక చీటీ తీసి చూసి, రాసుకుని, మళ్లీ చెంబులో వేసి కుదపాలి. తీసినప్పుడల్లా గంట కొట్టాలి, మాట అనకూడదు. ఇవతల గదిలో మనిషి తనకి తోచింది రాయాలి. ఇరవై అయిదుసార్లు. ఆఖర్న మాత్రమే పోల్చాలి. ఊరికే ఊహించినా సుమారు అయిదు తగులుతాయి. తొమ్మిదో ఆపైనో తగలడం ఇరవైసార్లు ఆడితే ఒకసారి అదృష్టం కొద్దీ జరుగుతుంది, కాబట్టి ఒక్క రోజు తొమ్మిది వచ్చిందని సంబరపడకూడదు. వేర్వేరు రోజుల్లో వరసగా రెండుసార్లు వస్తే, అది సుమారు నాలుగు వందల యాభైలో ఒకటి. ఈ పరీక్ష ఎక్కువగా చెడేది ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోవడం వల్ల, బాగా తగులుతున్నప్పుడు మధ్యలో ఆపేయడం వల్ల.

భయంతో, పదహారణాల నమ్మకంతో ఉన్న మనిషికి మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. ఓడిపోతే నమ్మకం పోదు, మీ మీద నమ్మకం పోతుంది.

ఎలా మాట్లాడాలి

లేదనకండి, ఉందనకండి. "అప్పా, నీకు వినబడతందంటే నాను నమ్ముతన్నాను. నాకైతే వినబడ్డం లేదు. రేత్రి నీకు నిద్ర లేదు, బయ్యమేస్తంది, అది నాకు కనబడతంది. దానికేటి సేద్దాం?" ఇంతే. వాదన కథ దగ్గర కాకుండా నిద్ర దగ్గర, భయం దగ్గర పెట్టాలి. డాక్టరు దగ్గరికి కూడా "నీకు పిచ్చి" అని కాదు, "నిద్ర పట్టడానికి" అని తీసుకెళ్లండి. అది అబద్ధమూ కాదు. ఒక్కరే మాట్లాడాలి, కూర్చుని మాట్లాడాలి. చుట్టూ అయిదుగురు నిలబడి బుజ్జగిస్తే, తనని పట్టుకోవడానికే వచ్చారన్న భయానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

గుడికి, ఎజ్జోడి (నాటు వైద్యుడి) దగ్గరికి వెళ్తే

వెళ్లొద్దని చెప్పడం వృథా, అవసరమూ లేదు. గుడిలో నిద్ర చేయడం, మొక్కు, విభూతి, దారం వల్ల హాని లేదు. మనిషికి ధైర్యం వస్తే మంచిదే. కానీ బయల్దేరే ముందే ఇంట్లో హద్దు పెట్టుకోండి. కొట్టడం, మిరపకాయల పొగ, వాతలు, తిండీ నీళ్లూ ఆపడం, లోపలికి తాగే మందు, గొలుసు, ఈ ఆరూ కుదరవు. డాక్టరు రాసిన బిళ్ల ఆపమంటే అక్కడి నుంచి వచ్చేయాలి. ఖర్చుకి ఒక అంకె, గడువుకి ఒక తేదీ నోట్‌బుక్కులో రాసుకోండి. గొలుసు మాట మరీ ముఖ్యం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది లేవలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రకంగానైనా గొలుసుతో బంధించడం నిషేధం.

డాక్టరు దగ్గర

ముందు ఫోన్లో అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. శ్రీకాకుళంలో జనం రిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రిలో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీ అడగండి. చేర్చుకోవాల్సిన పెద్ద కేసులకి విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. నోట్‌బుక్కు, వాడే మందుల అట్టలు, పాత రిపోర్టులు, రాత్రి తోడున్న మనిషి, ఈ నాలుగూ వెంట ఉండాలి. డాక్టరు థైరాయిడ్, బి12, షుగరు, క్రియాటినిన్, సోడియం రాయకపోతే మీరే అడగండి.

భ్రమలకి రాసే రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి బిళ్లలతో నిద్ర, గాభరా కొద్ది రోజుల్లోనే కుదుటపడతాయి. గొంతులు, నమ్మకాలు వదలడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే పని చేయలేదని ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. మొదటి వారంలో మెడ ఒక పక్కకి మెలితిరగడం, కళ్లు పైకి తేలిపోవడం, నాలుక బిగుసుకోవడం కొందరికి వస్తుంది. చూసినవాళ్లు గాలి తిరగబడిందంటారు. అది మందు ప్రభావం. ఆసుపత్రిలో ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది, తర్వాత డాక్టరు మోతాదు మారుస్తారు. బిళ్లని అన్నంలో దాచిపెట్టి పెట్టకండి. కనిపెడితే, తిండిలో విషం కలుపుతున్నారన్న అనుమానం ఆ రోజుతో నిజమైపోతుంది, తిండే మానేస్తారు. తగ్గాక కూడా మొదటిసారి వచ్చిన జబ్బుకి సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు మందు వాడాలి.

మనిషి తేరుకున్నాక, నోట్‌బుక్కు వెనక అట్ట లోపలి వైపు అతని చేతే మూడు గుర్తులు రాయించండి. మొదట్లో, ఇంకా ఎవరికీ ఏమీ చెప్పకముందు, తనలో ఏం మారిందో. రెండు రాత్రులు వరసగా నాలుగు గంటల లోపు నిద్ర, ఫోను ఆఫ్ చేసేయడం, ఎదురింటి వైపు కిటికీ మూయడం, ఇలా ఎవరివి వాళ్లకి ఉంటాయి. వాటిలో రెండు మళ్లీ కనబడితే ఎవరికి చెప్పాలో, ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా వాటి కిందే అతనే రాయాలి.